ఉచిత ఆఫీస్ ఎవరు తయారుచేస్తున్నారు? అందులో తెలుగు ఎందుకు చెదురుతోంది?

పోయిన సంచికలో లిబ్రే ఆఫీస్ గురించి, అంటే ఉత్తరాలు, లెక్కల పట్టికలు, ప్రెజెంటేషన్లు చేసుకునే ఉచిత ప్రోగ్రాం గురించి, ఒక చిన్న జవాబు రాశాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి, కొందరు ఫైళ్లు కూడా పంపారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్ర: మా కాలేజీ ల్యాబులో ఓపెన్ ఆఫీస్ ఉంది. మా అన్నయ్య లాప్‌టాప్‌లో లిబ్రే ఆఫీస్ ఉంది. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఏది అసలు, ఏది నకిలీ?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జ: నకిలీ ఏదీ లేదమ్మా. రెండూ ఒకే ఇంట్లో పుట్టి తర్వాత వేరు కాపురాలు పెట్టుకున్నవి. ఆ ఇంటి కథ కాస్త పెద్దదే, కానీ తెలిస్తే ఏది వేసుకోవాలో మీకే అర్థమవుతుంది.

1985లో జర్మనీలోని లూనెబర్గ్‌లో మార్కో బోరీస్ అనే పదహారేళ్ల కుర్రాడు స్టార్ డివిజన్ అని ఒక కంపెనీ పెట్టి, స్టార్‌రైటర్ అనే ప్రోగ్రాం అమ్మడం మొదలుపెట్టాడు. అది పెరిగి పెరిగి లెక్కల పట్టిక, బొమ్మల పేజీ, ప్రెజెంటేషన్ అన్నీ కలిసిన స్టార్ ఆఫీస్ అయింది. 1999లో అమెరికాకు చెందిన సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొనేసింది. ఎందుకు కొన్నారో సన్‌లో పనిచేసిన సైమన్ ఫిప్స్ తర్వాత చెప్పారు: అంతమంది ఉద్యోగులకు మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లైసెన్సులు కొనేకంటే ఆ కంపెనీని కొనడమే చవకగా తేలిందట. మరుసటి ఏడాది, 2000 అక్టోబర్ 13న, సన్ ఆ ప్రోగ్రాం సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాతను, బయట పెట్టింది. అంటే ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అలా పుట్టిందే ఓపెన్ ఆఫీస్. 2002లో దాని 1.0 వచ్చింది.

పదేళ్లు బాగానే నడిచింది గానీ, బయటివాళ్లు రాసిన కోడ్ తీసుకోవాలంటే దాని మీద సన్‌కు కూడా హక్కు రాసివ్వాలనే నియమం ఉండేది. ఏది లోపలికి రావాలో ఏది రాకూడదో కూడా కంపెనీ చేతిలోనే ఎక్కువగా ఉండేది. ఊరందరూ కలిసి కట్టుకున్న చెరువుకు తూము తాళంచెవి ఒక్కరి మొలలో ఉన్నట్టు. 2010 జనవరిలో ఆ సన్‌ను ఒరాకిల్ కొన్నది. దానితో ఓపెన్ ఆఫీస్ మీద పనిచేస్తున్న వాళ్లకు నిజంగా టెన్షన్ మొదలైంది, ఎందుకంటే సన్ దగ్గరున్న ఓపెన్ సోలారిస్ అనే మరో బహిరంగ ప్రాజెక్టును ఒరాకిల్ ఆ ఏడాదే పక్కన పెట్టేసింది. చివరికి 2010 సెప్టెంబర్ 28న చాలామంది బయటికి వచ్చి ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థను ప్రకటించారు. ఓపెన్ ఆఫీస్ అన్న పేరు ఒరాకిల్‌ది, దాన్ని ఇమ్మని అడిగారు, ఇవ్వలేదు. అందుకని అప్పటికి తాత్కాలికంగా అనుకున్న లిబ్రే ఆఫీస్ అన్న పేరే ఉండిపోయింది. లిబ్రే అంటే ఫ్రెంచిలోనూ స్పానిష్‌లోనూ స్వేచ్ఛ గల అని అర్థం. 2011 జనవరి 25న దాని మొదటి పక్కా వెర్షన్ 3.3 వచ్చింది. ఆ జూన్‌లో ఒరాకిల్ పాత ఓపెన్ ఆఫీస్‌ను అపాచీ ఫౌండేషన్ అనే మరో సంస్థకు అప్పగించింది. మీ ల్యాబులో ఉన్నది అదే.

ఇక ఏది వేసుకోవాలంటే, లిబ్రే ఆఫీస్. ఇందులో నాకు రెండో మాట లేదు. అపాచీ ఓపెన్ ఆఫీస్ 4.1 వచ్చింది 2014లో, ఆ తర్వాత వచ్చినవన్నీ ఆ 4.1కి చేసిన చిన్న చిన్న మరమ్మతులే. లిబ్రే ఆఫీస్‌కు ఏడాదికి రెండుసార్లు, సాధారణంగా ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి, కొత్త వెర్షన్ వస్తుంది. 2024 నుంచి నంబర్లు కూడా సంవత్సరం, నెల కలిపి పెడుతున్నారు: 24.2, 24.8, 25.2 అలా. ఓపెన్ ఆఫీస్‌కు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంలో, 2020 అక్టోబర్‌లో, మీ దగ్గరికి వచ్చేవాళ్లకు లిబ్రే ఆఫీస్ ఉందని చెప్పండి అని డాక్యుమెంట్ ఫౌండేషన్ అపాచీ వాళ్లకు బహిరంగ లేఖ రాసింది. పేరు పాతది కావడం వల్ల జనం ఇంకా అదే వెతికి అదే దించుకుంటున్నారు, మీ ల్యాబులోలాగే. మీ ల్యాబ్ అసిస్టెంట్ గారికి ఈ సంగతి చెప్పండి, మార్చడం పెద్ద పనేం కాదు.

ప్ర: ఉచితం అంటే నాకు భయం. రేపు ఎవరో ఒకరు ఆపేస్తే మా ఆడిట్ ఫైళ్ల గతేంటి? అసలు ఇంతమందికి జీతాలు ఎవరిస్తున్నారు?
– ఆడిటర్ ఆఫీసులో గుమాస్తా, వరంగల్

జ: మంచి భయమే. డబ్బుల సంగతి ముందు చెబుతాను. కోడ్ రాసేవాళ్లలో సరదాగా, పట్టుదలగా రాసే వలంటీర్లు ఉన్నారు, అయితే బరువైన పనిలో ఎక్కువ భాగం జీతం తీసుకుని చేసేవాళ్లదే. ఇంగ్లాండులోని కొలాబోరా లాంటి కంపెనీలు ఈ ప్రోగ్రాం మీద ప్రభుత్వాలకు, పెద్ద సంస్థలకు సపోర్ట్ అమ్ముతాయి. ఎవరైనా "మా ఫైల్లో ఫలానా పట్టిక సరిగ్గా తెరుచుకోవడం లేదు" అని డబ్బు కట్టి బాగు చేయించుకుంటే ఆ మరమ్మతు అందరికీ వచ్చేస్తుంది. వరంగల్‌లో మీ దగ్గర కూడా ఆ ఫైలు తెరుచుకుంటుంది. ఫౌండేషన్ మాత్రం బెర్లిన్‌లో 2012లో రిజిస్టర్ అయిన సంస్థ, ఎక్కువగా విరాళాల మీద నడుస్తుంది.

ఆపేయడం గురించి. ఒక కంపెనీ తప్పుకోవడం జరుగుతూనే ఉంటుంది. 2023లో రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీ ఇక దీని మీద తన మనుషులను పెట్టనని తప్పుకుంది, ఏళ్ల తరబడి బోలెడు పని చేసింది అది. బాధగానే అనిపించింది. కానీ కోడ్ అందరి దగ్గరా ఉంది కాబట్టి పని ఆగలేదు. 2010లో ఒరాకిల్ దగ్గర జరిగిందీ ఇదే కదా, యజమాని మీద నమ్మకం పోతే మనుషులు కోడ్ తీసుకుని బయటికి నడిచారు. అమ్మే సాఫ్ట్‌వేర్ విషయంలో కంపెనీ మూతపడితే మనం చేయగలిగింది ఏమీ ఉండదు.

ఫైళ్ల సంగతి ఇంకా ముఖ్యం. లిబ్రే ఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీఎఫ్. 2005లో ఓయాసిస్ అనే సంస్థ దాన్ని ప్రమాణంగా ఒప్పుకుంది, 2006లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ కూడా ఒప్పుకుంది. అంటే ఆ ఫైలు లోపల ఏముందో రాసిన పుస్తకం అందరికీ అందుబాటులో ఉంది. మీరే చూడొచ్చు. ఈ ఫార్మాట్‌లో దాచిన ఉత్తరం ఫైలుకు (పేరు చివర ఓడీటీ అని ఉంటుంది) ఒక కాపీ తీసి, దాని పేరు చివర జిప్ అని మార్చి విప్పండి, లోపల కంటెంట్ అనే ఫైల్లో మీరు రాసిన తెలుగు మాటలు మామూలుగా కనిపిస్తాయి. ముప్పై ఏళ్ల తర్వాత ఏ ఆఫీసూ లేకపోయినా ఆ మాటలు బయటికి తీయవచ్చు.

జర్మనీలో ష్లెస్విగ్ హోల్‌స్టైన్ అనే రాష్ట్రం 2024 ఏప్రిల్‌లో తన 30 వేల ప్రభుత్వ కంప్యూటర్లను లిబ్రే ఆఫీస్‌కు మారుస్తామని ప్రకటించింది. అంత దూరం ఎందుకు, పక్కన కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు చాలా ఏళ్లుగా, విండోస్‌కు బదులు వాడే లినక్స్ మీద, ఇలాంటి స్వేచ్ఛా ప్రోగ్రాములతోనే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మన రెండు రాష్ట్రాల బడుల్లోనూ ఆ పని జరగాలని నాకు చాలా ఆశ.

మీ పనికి ఒక సంగతి: లిబ్రే ఆఫీస్ లెక్కల పట్టిక కాల్క్‌లో ఒక షీటుకు 10,48,576 వరుసలు ఉంటాయి, 2022లో వచ్చిన 7.4 నుంచి నిలువు గడులు 16,384. ఎక్సెల్‌తో సమానం. అయితే మీ ఆఫీసులో ఎక్సెల్ మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా రాసుకునే చిన్న ప్రోగ్రాములు) రాసిపెట్టుకుని ఉంటే తొందరపడి మారకండి, అవన్నీ ఉన్నవి ఉన్నట్టు నడుస్తాయని నేను మాట ఇవ్వలేను. ఒక్కొక్కటీ నడిపి చూసుకోవాలి.

ప్ర: ఉచితం అన్నారు, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో చూస్తే డబ్బులు అడుగుతోంది. మోసమా?
– పాఠకుడు, అనంతపురం

జ: మోసం కాదు. 2022 నుంచి స్టోర్లలో ఫౌండేషనే కొద్ది ధరకు పెట్టింది, ఆ డబ్బు దీని పనికే వెళుతుంది. లిబ్రే ఆఫీస్ సొంత సైటు నుంచి దించుకుంటే పైసా కట్టక్కర్లేదు, ప్రోగ్రాం అదే.

ప్ర: వర్డ్‌లో చేసిన ఫైలు లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే పేజీలు జరిగిపోతున్నాయి. 12 పేజీల ప్రాజెక్టు రిపోర్టు 13 అయింది. ఇలాగైతే ఎలా వాడాలి?
– ఎంబీఏ విద్యార్థి, విశాఖపట్నం

జ: పదింట ఏడెనిమిదిసార్లు దీనికి కారణం ఫాంటు. వర్డ్‌లో మామూలుగా ఉండే కాలిబ్రి, కాంబ్రియా మైక్రోసాఫ్ట్ ఫాంట్లు, లినక్స్‌లో ఉండవు. ఉన్న ఫాంటుతో సరిపెట్టేటప్పుడు అక్షరం వెడల్పు వెంట్రుకవాసి మారినా లైను విరిగే చోటు మారుతుంది, దాంతో పేజీ మారుతుంది. అందుకే సరిగ్గా అదే వెడల్పుతో కార్లిటో, కలాడియా అని రెండు ఉచిత ఫాంట్లు ఉన్నాయి, మీ దగ్గర లేకపోతే వేసుకోండి. ఏరియల్, టైమ్స్‌లకు బదులు లిబరేషన్ ఫాంట్లు లిబ్రే ఆఫీస్‌తోనే వస్తాయి. తెలుగులో ఇలాంటి జోడీలు లేవు. విండోస్‌లోని గౌతమి, నిర్మల వాడి చేసిన ఫైలు లినక్స్‌లో జరుగుతుంది, ఒప్పుకోవాల్సిందే. రెండు చోట్లా ఒకే తెలుగు ఫాంటు, మండలి కానీ రామభద్ర కానీ, గూగుల్ ఫాంట్స్ నుంచి దించి పెట్టుకుంటే ఆ గొడవ చాలావరకు తీరుతుంది. గైడ్‌కు ఇచ్చేది మాత్రం పీడీఎఫ్ చేసి ఇవ్వండి.

ప్ర: నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. శతకానికి వ్యాఖ్యానం రాసుకుంటున్నాను. ముందుగా ఫాంటు, సైజు ఎంచుకుని టైపు చేయడం మొదలుపెడితే తెలుగు ఆ ఫాంటులో రావడం లేదు. ఇంగ్లీషుకు మాత్రం వస్తోంది. మనవణ్ణి అడిగితే వాడికీ తెలియలేదు.
– రాజమహేంద్రవరం

జ: మాస్టారూ, మీరు చేసినదాంట్లో తప్పేమీ లేదు. లిబ్రే ఆఫీస్ ప్రతి పేరాకూ మూడు రకాల ఫాంట్లు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది: ఇంగ్లీషు లాంటి పాశ్చాత్య లిపులకు ఒకటి, చైనా జపాను లిపులకు ఒకటి (దీనికే ఏషియన్ అని పేరు పెట్టారు), తెలుగు, హిందీ, అరబ్బీ లాంటి లిపులకు ఒకటి. ఈ మూడోదాన్ని కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అంటారు. మీరు ఫాంటు ఎంచుకున్నప్పుడు కీబోర్డు ఇంగ్లీషులో ఉంటే ఆ మార్పు ఇంగ్లీషు ఖాతాలోకి వెళుతుంది. తర్వాత మీరు తెలుగు కొడితే అది తన పాత ఫాంటులోనే వస్తుంది. మనది ఆసియా భాషే కదా అని చాలామంది రెండోదానికి టిక్కు పెట్టి విసిగిపోతుంటారు, అది మనది కాదు.

ఇలా చేయండి. టూల్స్‌లో ఆప్షన్స్‌కు వెళ్లి, భాషల భాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర టిక్కు పెట్టి తెలుగు ఎంచుకోండి. తర్వాత ఎఫ్11 నొక్కితే పక్కన స్టైల్స్ జాబితా వస్తుంది. అందులో డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్ మీద కుడి క్లిక్ చేసి, మార్చడానికి తెరిచి, ఫాంట్ అన్నచోట కాంప్లెక్స్ అన్న భాగంలో మీకు నచ్చిన తెలుగు ఫాంటు, సైజు పెట్టండి. ఖాళీ పేజీని టెంప్లేట్‌గా దాచుకుంటే ప్రతిసారీ ఈ పని ఉండదు.

ఇంకొకటి, మీకు తప్పక పనికొస్తుంది. "సాఫ్ట్‌వేర్" అని రాస్తే ట కింద వ ఒత్తు చేరి "సాఫ్ట్వేర్" అయిపోతుంటుంది. పొల్లు నిలబడాలంటే మధ్యలో కనబడని గుర్తు ఒకటి పెట్టాలి. పొల్లు తర్వాత 200 అని, పక్కన ఇంగ్లీషు సి అక్షరం కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. అంకెలు పోయి పొల్లు నిలబడుతుంది.

ప్ర: ఇరవై ఏళ్లుగా అనూ ఫాంట్లలో పెళ్లి కార్డులు, కరపత్రాలు, సావనీర్లు చేస్తున్నాను. ఆ ఫైళ్లలోని మేటర్ లిబ్రే ఆఫీస్‌లో పెడితే అంతా ఇంగ్లీషు పిచ్చి గుర్తులే. ఈ ఆఫీసుకు తెలుగు రాదా?
– డీటీపీ ఆపరేటర్, విజయవాడ

జ: వస్తుందండీ. మీ ఫైల్లో ఉన్నదే కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. అనూ వచ్చిన రోజుల్లో వేరే దారి లేక, ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు అక్షరాల ముక్కలను, తలకట్లను, ఒత్తులను కూర్చోబెట్టారు. అనూ ఫాంటు ఉన్నంతసేపూ కంటికి తెలుగు కనిపిస్తుంది, ఫాంటు తీసేస్తే కింద ఉన్న ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగు అక్షరానికి తెలుగుగానే సొంత సంఖ్య ఉంటుంది, 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే మన లిపికి చోటిచ్చారు. మన పత్రికలు, ప్రెస్సులు, ప్రచురణకర్తలు అనూలో చేసిపెట్టిన తెలుగు ఎంత ఉందో తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. అదంతా వెతికితే దొరకదు, చూపులేనివారికి చదివి వినిపించే ప్రోగ్రాములకు అర్థం కాదు.

అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడండి, కానీ మార్చాక ఒకసారి కళ్లతో చదవకుండా అచ్చుకు ఇవ్వకండి. ఒత్తులు, క్ష, సున్నాలు తారుమారవుతుంటాయి. పేజ్‌మేకర్ ఫైలును నేరుగా తెరవడానికి కూడా 2015లో వచ్చిన లిబ్రే ఆఫీస్ 4.4 నుంచి అందులోని బొమ్మల ప్రోగ్రాం డ్రాలో ఏర్పాటు ఉంది. బొమ్మలు, పెట్టెలు చాలావరకు వస్తాయి, అనూ మేటర్ మాత్రం అనూలాగే వస్తుంది.

ఇంకో విషయం. తెలుగు అక్షరాలను పేర్చి చూపే పనిని ఇదివరకు విండోస్‌లో ఒకటి, మ్యాక్‌లో ఒకటి, లినక్స్‌లో ఒకటి చేసేవి, అందుకే ఒకే ఫైలు మూడు చోట్ల మూడు రకాలుగా కనబడేది. 2017లో వచ్చిన లిబ్రే ఆఫీస్ 5.3 నుంచి అన్నిచోట్లా హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజను పెట్టారు. మీరు అంతకుముందు ఎప్పుడో చూసి వదిలేసి ఉంటే మళ్లీ ఒకసారి చూడండి. అయితే నాలుగు రంగుల సావనీరు పేజీలకు లిబ్రే ఆఫీస్‌లో రాసుకునే ప్రోగ్రాం రైటర్ సరిపోదు, అది ఉత్తరాలకు, పుస్తకం మేటర్‌కు. పేజీ మేకప్‌కు ఉచితంగానే కావాలంటే స్క్రైబస్ 1.6 ప్రయత్నించండి, 2024లో వచ్చిన ఆ వెర్షన్‌లో మన లిపులు సరిగ్గా పేర్చే ఏర్పాటు ఉంది. అలవాటైన కీబోర్డు వదులుకోవడం కష్టమని తెలుసు. చేతిలో ఉన్న పెళ్లిళ్ల సీజన్ అయ్యాకే మొదలుపెట్టండి.

ప్ర: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. సీప్లస్‌ప్లస్ వచ్చు. లిబ్రే ఆఫీస్ డెవలప్‌మెంట్‌లో చేరాలంటే ఎవరినైనా పర్మిషన్ అడగాలా? నాలాంటివాడు రాసిన కోడ్ తీసుకుంటారా?
– హైదరాబాద్

జ: పర్మిషన్ అక్కర్లేదు, తీసుకుంటారు. ముందుగా కోడ్ దించుకుని నీ మెషీన్‌లో బిల్డ్ చేయి. మొదటిసారి మామూలు లాప్‌టాప్‌లో గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకో, డిస్కులో జాగా బాగా ఉంచుకో. వాళ్ల బగ్‌జిల్లాలో, అంటే తప్పులు నమోదుచేసే జాబితాలో, ఈజీ హ్యాక్స్ అని గుర్తుపెట్టిన పనులు ఉంటాయి, కొత్తవాళ్ల కోసమే విడిగా ఉంచినవి. ఒకటి తీసుకుని, మార్పు చేసి, గెరిట్ అనే చోటికి పంపాలి. అక్కడ నీ మార్పును విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా మెషీన్లే బిల్డ్ చేసి చూస్తాయి, తర్వాత అనుభవం ఉన్న మనిషి ఒకరు చదివి, ఇక్కడ ఇలా మార్చు అని రాస్తారు. ఆ వ్యాఖ్యలు చూసి కుంగిపోవద్దు, అందరికీ రాస్తారు. నా కోడ్‌ను ఈ లైసెన్సుల కింద ఇస్తున్నాను అని ఒక మెయిల్ కూడా పంపాలి, సన్ రోజుల్లోలా హక్కులు రాసివ్వక్కర్లేదు.

ఈ కోడ్ వయసు ఎంతో తెలియడానికి ఒక్క సంగతి చెబుతాను. స్టార్ డివిజన్ రోజుల్లో ప్రోగ్రామర్లు కోడ్ మధ్యలో వివరణలు జర్మన్‌లో రాసుకున్నారు. 2010లో విడిపోయాక వలంటీర్లు కూర్చుని వాటిని వేలకొద్దీ ఇంగ్లీషులోకి మార్చారు, ఏళ్లు పట్టింది. అలా చేరినవాళ్లకు మొదటి పని ఒక వ్యాఖ్య అనువాదమే అయింది. కాబట్టి నీ మొదటి మార్పు రెండు లైన్లే అయినా పరవాలేదు.

నన్ను అడిగితే నీకు ఇవ్వాలనుకున్న పని వేరే ఉంది. తెలుగు స్పెల్‌చెక్. లిబ్రే ఆఫీస్‌లో అక్షరదోషాలు చూసేది హన్‌స్పెల్. లాస్లో నేమెత్ అనే ఆయన హంగేరియన్ భాష కోసం దాన్ని తయారుచేశారు, ఎందుకంటే హంగేరియన్‌లో కూడా మన తెలుగులాగే మాటకు ప్రత్యయాలు వరుసగా తగులుకుంటాయి. అంటే పనిముట్టు మనకు సరిపోయేదే. తెలుగు పదాల జాబితా కూడా ఉంది. అయినా "వెళ్లకపోయినప్పటికీ" అని రాస్తే కింద ఎర్రగీత. "రాముడింటికి" అని సంధి చేస్తే ఎర్రగీత. ఇలాంటి రూపాలన్నిటినీ జాబితాలో ఎక్కించడం ఎవరివల్లా కాదు, ఏ మాటకు ఏ ప్రత్యయం ఎలా తగులుతుందో నియమాలు రాయాలి. అందుకు నువ్వు ఒక్కడివే సరిపోవు, వ్యాకరణం తెలిసినవాళ్లు పక్కన ఉండాలి. రాజమహేంద్రవరం మాస్టారి ఉత్తరం చూశావు కదా. ఆయన ఒప్పుకుంటే మీ ఇద్దరినీ కలుపుతాను.

ప్ర: మస్కట్‌లో ఉంటున్నాను. కోడింగ్ రాదు, తెలుగు మాత్రం వచ్చు. మెనూలు తెలుగులో పెట్టుకుంటే కొన్ని ఇంగ్లీషులో, కొన్ని అర్థంకాని తెలుగులో ఉన్నాయి. నేనేమైనా చేయగలనా? అన్నట్టు, ఒక ఫాంటులో "లక్ష్మి" అని రాస్తే మ ఒత్తు పక్కకు జరిగిపోతోంది, ఫైలు జతచేశాను.
– పాఠకురాలు

జ: చేయగలరండీ, అదీ రేపటి నుంచే. మెనూల అనువాదం వెబ్‌లేట్ అనే చోట జరుగుతుంది. ఖాతా తెరిచి తెలుగు ఎంచుకుంటే ఒక పక్క ఇంగ్లీషు మాట, ఒక పక్క తెలుగు ఖాళీ ఉంటుంది. అక్కడ నేను కోరేది ఒక్కటే, జనం ఇప్పటికే అంటున్న మాటను తీసేసి కొత్తది పుట్టించకండి. ఫైల్‌ను ఫైల్ అనే అంటున్నాం, ప్రింట్‌ను ప్రింట్ అనే అంటున్నాం. "సేవ్" బదులు "భద్రపరచు" బాగుంటుందా అన్నది మీ ఇంట్లో కంప్యూటర్ తక్కువ వాడేవాళ్లను అడిగి తేల్చుకోండి. మీకు అర్థంకాని తెలుగు ఎదురైతే దాన్ని మార్చమని సూచన పెట్టవచ్చు, పాతది రాసినవాళ్ల శ్రమ మీద గౌరవం ఉంచుతూనే.

ఇక "లక్ష్మి". మీ ఫైలు తెరిచి చూశాను, నా దగ్గరా ఒత్తు జరిగింది. అదే మాటను మరో రెండు ఫాంట్లలో పెడితే సరిగ్గా వచ్చింది. ఆ జరిగిన ఫాంటుతోనే బ్రౌజర్‌లో పెట్టి చూశాను, అక్కడా జరిగింది. కాబట్టి తప్పు ఆఫీస్‌ది కాదు, ఫాంటుది. ఇలా విడదీసి చూడకుండా బగ్ (తప్పుందన్న ఫిర్యాదు) వేస్తే, తెలుగు చదవలేని డెవలపర్‌కు ఏది తప్పో ఏది ఒప్పో తెలియక అది అలాగే పడి ఉంటుంది. ఎప్పుడు వేసినా చిన్న ఫైలు, ఎలా రావాలో ఒక బొమ్మ, ఎలా వస్తోందో ఒక బొమ్మ, వెర్షన్ నంబరు జతచేయండి. ఇప్పటికి ఆ ఫాంటు తయారుచేసినవాళ్లకు మీరు రాయండి, మీరు పంపిన ఫైలుతో నేనూ ఈ వారమే రాస్తున్నాను.